పునర్జీవితుల జీవనోపాధి

2025 జనవరి 17 వ తేది రాత్రి హైదరాబాదు మెట్రోరైలు ఒక యపూర్వమైన ప్రయాణికుని మోసికొనిపోయినది. ఎల్. బి. నగరునుండి లక్డీకాపూలు వరకుగల 13 కిలోమీటర్ల దూరమును, 13 స్టేషనులను, 13 నిమిషములలో దాటి ఒక దాత హృదయము గమ్యము చేరినది. అంతకు నాలుగేండ్లకు పూర్వము, 2021 ఫిబ్రవరి 2 వ తేదిని, ఒక రైతు హృదయము నాగోలునుండి జూబిలీహిల్సు చెక్‌పోస్టు వరకు ఈ తీరుననే ప్రయాణము చేసియుండెను. రైలు నడుమ నెచ్చటను నిలువలేదు. ఒక గుండెకై యొక మహానగరము దారి విడుచుట నాగరికతకు తలమానికమైన దృశ్యము. దానిని మేము మనసార మెచ్చుకొనుచున్నాము. కాని యా మెచ్చికోలు ముగియకమునుపే యొక ప్రశ్న మమ్ము వేధించుచున్నది. హృదయమునకు దారి దొరకినది. ఆ హృదయమును ధరించి లేచిన మనుజునకు మఱల తన యాఫీసులో కుర్చీ దొరకునా?

ఇది యే కొలదిమందికో సంబంధించిన ప్రశ్న యని పాఠకులు తలంపవలదు. 1954 డిసెంబరు 23 న అమెరికాలోని బోస్టను నగరమున కవలసోదరులలో నొకని మూత్రపిండమును వేఱొకనికి అమర్చి డాక్టరు జోసెఫ్ మర్రీ ఈ విద్యకు నాంది పలికెను. మన దక్షిణదేశమున వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో 1971 లో ఈ చికిత్స జయప్రదముగా జరిగినది. పరావయవముపై శరీరము చేయు తిరుగుబాటును అణచు మేలైన మందులు 1980 తరువాత వాడుకలోనికి వచ్చుటతో అద్భుతము కాస్త అలవాటైనది. 2013 లో మన దేశమున జరిగిన అవయవమార్పిడులు 4,990. 2023 నాటికవి 18,378 కి పెరిగినవి. మరణానంతర దాతల సంఖ్యలో ఆ సంవత్సరము తెలంగాణమే దేశమునకు ప్రథమస్థానమున నిలిచినది. 252 కుటుంబములు తమ దుఃఖమును దిగమింగి పరులకు ప్రాణదానము చేసినవి. నిజాము వైద్యవిజ్ఞానసంస్థ కేంద్రముగా నడచుచున్న జీవన్‌దాన్ ప్రణాళికకు ఇది గొప్ప కీర్తి. వైద్యశాస్త్రము తన పని తాను చేసినది. దాతలును తమ ధర్మము నెఱవేర్చిరి. ఇక మిగిలినది సంఘము పని.

ఈ పని యెక్కువగా పరీక్షకు వచ్చుచోటు హైటెక్ సిటీ. 1998 నవంబరు 22 న ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపురములో సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిన నాడు చుట్టును బండలును గుట్టలునే యుండెను. నేడు మాదాపురమునుండి గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వరకు ఆకాశము నంటు నద్దాల మేడలు బారులు తీరియున్నవి. ఆ మేడలలో పనిచేయు వారెవరు? గుంటూరు, కృష్ణా, గోదావరి మండలముల రైతుల కొడుకులును కోడండ్రును. కరీంనగరము, నల్లగొండ, పాలమూరు గ్రామముల తొలితరపు పట్టభద్రులు. మా పాఠకులలో పలువురి ఇండ్లకు నెలనెల ఆ మేడలనుండియే జీతము వచ్చుచున్నది. రెండెకరములు అమ్మి కొడుకును ఇంజనీరును చేసిన తండ్రి, మిగిలిన రెండెకరములు అమ్మి యా కొడుకునకు మూత్రపిండము మార్పించు దినము వచ్చినచో, ఆ కుటుంబము నిలుచుటకు ఆధారము ఆ యుద్యోగమొక్కటియే.

అట్టివాని నొకని తలంచుకొందము. వయస్సు ముప్పదియైదేండ్లు. రక్తపుపోటు మూత్రపిండములను తినివేసినది. వారమునకు మూడుసారులు, సారికి నాలుగు గంటలు, డయాలిసిస్ యంత్రమునకు కట్టువడి గడపెను. తల్లి తన మూత్రపిండమును బిడ్డకిచ్చినది. శస్త్రము ఫలించినది. కొన్ని వారములు గడచినవి. డాక్టరుగారు రక్తపరీక్షల కాగితములు చూచి, చిఱునవ్వు నవ్వి, ఇక నీవు పనిలోనికి పోవచ్చునని చీటి వ్రాసియిచ్చిరి. బల్లకడ కూర్చుండి చేయు పనికి మూత్రపిండ గ్రహీతలు సాధారణముగ రెండు మూడు నెలలలో తగియుందురనియు, కాలేయము, గుండె మార్చుకొన్నవారికి మఱికొంత యెక్కువ కాలము కావలయుననియు వైద్యులు చెప్పుదురు. ఆ చీటితో నాతడు లిఫ్టు నెక్కి తన యంతస్తునకు చేరును. అచ్చట అతని ప్రాజెక్టు వేఱొకరి చేతిలోనున్నది. అతని పేరు 'బెంచి'మీద నున్నది. అనగా జీతము తగ్గకపోయినను పని చేతలేని పట్టికలో చేరినది. ఆ పట్టికలో కొన్ని నెలలున్నవారికి తరువాత జరుగునదేమో యా మేడలలోని ప్రతివానికిని తెలియును. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత కింతకంటె తార్కాణ మెందున్నది?

ఇంతకు అతడు కోరునదేమి? మిక్కిలి స్వల్పము. శరీరపు తిరుగుబాటును అణచు మాత్రలను పండ్రెండు గంటల కొకసారి, గడియారము చూచి, యావజ్జీవము మింగవలెను. ఒక పూట మఱచినను ప్రమాదమే. కావున అమెరికా గడియారమునకు సరిపడునట్లు ఒక వారము రాత్రి, ఒక వారము పగలు తిరుగు షిఫ్టులు అతనికి తగవు. ఆ మందులు రోగనిరోధకశక్తిని తగ్గించును గనుక మొదటి నెలలలో, జలుబుతో దగ్గుతో నున్నవారి నడుమ, మూసిన యద్దాల గదులలో, క్రిక్కిఱిసిన బస్సులలో గడుపుట హానికరము. రక్తములో మందు పాలెంతయున్నదో చూచుటకు మొదట వారమునకు ఒకటి రెండు సారులు, క్రమముగా నెలకొకసారి, ఆసుపత్రికి పోవలెను. బరువులెత్తరాదు. తగినంత నీరు త్రాగవలెను. ఇంతియే. మెదడునకు లోటు లేదు. నేర్చిన విద్యకు లోపము లేదు. పగటి షిఫ్టు, మొదట కొన్నాళ్లు ఇంటినుండి పని, నెలకొక పూట సెలవు — ఈ మూటితో సంపూర్ణముగా పనిచేయగలవాని నక్కఱలేదనుట యే లెక్క?

ఇంటినుండి పని యసాధ్యమని చెప్పుటకు ఈ కంపెనీలకు నోరు లేదు. 2020 మార్చిలో కరోనా మహమ్మారి దాపురించినప్పుడు లక్షలమంది యుద్యోగులు కొలది దినములలో తమ తమ యిండ్లకు చేరిరి. పల్లెలలో, అరుగులమీద, మేడగదులలో కూర్చుండి యూరప్ ఖండమునకు, అమెరికాకు పని జరిపిరి. ఆ సంవత్సరములలో ఈ పరిశ్రమ కుంగలేదు, వృద్ధిచెందినది. అందఱి క్షేమమునకై సాధ్యమైనది ఒక్కని ప్రాణమునకై యసాధ్యమెట్లగును?

ఈ స్థితిలో గ్రహీతలు పలువురు అవలంబించు మార్గము మౌనము. మందుల డబ్బాను సంచి యడుగున దాచుకొందురు. ఆసుపత్రికి పోవు దినమున తలనొప్పి యని వ్రాయుదురు. క్రొత్త కొలువునకు పోయినప్పుడు, నడుమ ఎనిమిది నెలలు ఏమిచేసితివని యడిగినచో, కుటుంబకార్యమని తడబడుదురు. చలనచిత్ర నటుడు శ్రీ దగ్గుబాటి రానాగారు తనకు కార్నియా మార్పిడియు, మూత్రపిండపు మార్పిడియు జరిగినవని 2023 లో బహిరంగముగా పలికిరి; దేశమంతయు ఆయన ధైర్యమును మెచ్చుకొన్నది. ఆయన తన వృత్తిలో కొనసాగుచునేయున్నారు. కాని ప్రసిద్ధునకు గౌరవము తెచ్చిన మాట సామాన్యునకు ఉద్యోగము పోగొట్టునేమో యను భయము గలిగించుచున్నది. ఒకే వ్యాధి, ఒకే చికిత్స. పలికిన నోరు మాత్రము వేఱు. ఈ మౌనమువలన నష్టము అతనికి మాత్రమే కాదు. దాచినవాడు రాత్రి షిఫ్టునకు ఒప్పుకొనును. మాత్రల వేళ తప్పును. చివరకు తల్లి యిచ్చిన మూత్రపిండమే చెడిపోవును.

కుర్చీని కాపాడుట యెట్లో మన దేశమునకు తెలియదా? బాగుగా తెలియును. 2018 మే 14 న కేంద్ర ఆర్థికమంత్రి శ్రీ అరుణ్ జైట్లీగారికి అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో మూత్రపిండము మార్చిరి. ఆ దినముననే ఆయన శాఖను శ్రీ పీయూష్ గోయల్‌గారికి తాత్కాలికముగా నప్పగించిరి. ఆగస్టు 23 న జైట్లీగారు మఱల తమ శాఖను స్వీకరించిరి. నూరు దినములు! ఆ నూరు దినములును దేశపు ధనాగారము తాళము వేయబడలేదు. మంత్రి కుర్చీయు పరులపాలు కాలేదు. అంతకు పూర్వము 2016 డిసెంబరు 10 న విదేశాంగమంత్రి శ్రీమతి సుష్మాస్వరాజ్‌గారికి అదే చికిత్స జరిగినది. తెలంగాణప్రజలు చిన్నమ్మ యని స్మరించునది ఈమెనే. చికిత్స జరిగిన రెండున్నర నెలలకు, 2017 ఫిబ్రవరిలో, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున తుపాకికి బలియైన హైదరాబాదు ఇంజనీరు కుటుంబముతో ఆమె స్వయముగా మాట్లాడి, మృతదేహమును స్వదేశమునకు చేర్పించు నేర్పాట్లు చూచిరి. మార్చిలో లోకసభకు వచ్చి యా విషయముననే ప్రకటన చేసిరి. 2019 వరకును మంత్రిపదవిని సమర్థతతో నిర్వహించిరి. వీరిరువురును 2019 ఆగస్టులో దివంగతులగుట దేశమునకు దుఃఖకరమే. కాని చికిత్సానంతరము వారు చేసిన పని యెవ్వరును కాదనజాలనిది. మంత్రికి ఇచ్చిన నూరు దినములు ఇంజనీరున కేల దొరకవు?

ఇక చట్టముల మాట. 1994 లో పార్లమెంటు మానవావయవముల మార్పిడి చట్టమును చేసినది. 2011 లో దానిని సవరించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశము 1995 లో తన చట్టమును తాను చేసికొన్నది. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ కేంద్రచట్టమును స్వీకరించుచు తీర్మానించినది. అవయవము నెట్లు తీయవలెను, ఎట్లు భద్రపఱుపవలెను, ఎవరికమర్చవలెను, అమ్మినవారికిని కొన్నవారికిని శిక్ష యేమి యను విషయములన్నియు అందు విపులముగా గలవు. అవసరమైన చట్టమే. కాని యవయవమును పొందిన మనుజుడు మఱునాడు ఏమి తిని బ్రతుకవలెనను విషయమున అందొక్క వాక్యమైనను లేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొన్నది. తలసేమియా, హీమోఫీలియా వంటి రక్తరోగములను గూడ అందు చేర్చుట ప్రశంసనీయము. అవయవమార్పిడి యందు లేదు. ఉద్యోగములో నుండగా వైకల్యము పొందినవానిని తొలగింపరాదనియు, ఆ పనికి తగనిచో సమాన జీతముతో వేఱు పనికి మార్చవలెననియు, అదియు లేనిచో అదనపు పదవిని కల్పించియైన నుంచవలెననియు ఆ చట్టపు 20 వ సెక్షను చెప్పుచున్నది. చక్కని ధర్మము! కాని యది ప్రభుత్వ సంస్థలకే పరిమితము. ప్రైవేటు సంస్థలు సమానావకాశ విధానమును ప్రకటింపవలెనని మాత్రము 21 వ సెక్షను కోరుచున్నది. ప్రకటించుట వేఱు, పాటించుట వేఱు.

కార్మిక బీమా వ్యవస్థ, అనగా ఇ. ఎస్. ఐ., 1948 నాటి చట్టముతో పుట్టినది. దీర్ఘకాలిక మూత్రపిండవైఫల్యము మున్నగు 34 విధముల దీర్ఘవ్యాధులు గల కార్మికునకు వేతనములో 80 శాతము చొప్పున రెండేండ్ల వరకు భృతి యిచ్చు సౌకర్యమును అందు కల్పించిరి. కాని 2017 జనవరిలో వేతనపరిమితిని నెలకు 21,000 రూపాయలుగా నిర్ణయించిరి. అంతకు మించిన జీతము గల ఇంజనీరు దాని నీడకు రాడు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము 10 లక్షల రూపాయలకు పెంచినది; అది పేదకుటుంబముల కుద్దేశింపబడినది. తెలుగు రాష్ట్రముల ప్రభుత్వోద్యోగికి మూత్రపిండవైఫల్యము వంటి రోగములందు అర్ధజీతపు సెలవును పూర్తిజీతముతో వాడుకొను వీలు గలదు. పేదకు ఒక గొడుగు, కార్మికునకు ఒక గొడుగు, సర్కారు కొలువునకు ఒక గొడుగు. మధ్యతరగతి ప్రైవేటుద్యోగి మాత్రము కంపెనీ సామూహిక బీమాను నమ్ముకొన్నవాడు. ఆ బీమా ఉద్యోగముతో వచ్చి, ఉద్యోగముతో పోవును. అదియు ఆసుపత్రిలో పడకమీద నున్నంతవఱకే పెక్కుచోట్ల అక్కఱకు వచ్చునుగాని, ఇంటికి వచ్చిన తరువాత నెలనెల వేలకొలది రూపాయలగు మందులకు పనికిరాదు. ఉద్యోగము పోయెనా, జీతముపోయె, బీమా పోయె, మందు పోయె, కడకు అవయవమే పోయె. గోరుచుట్టుపై రోకటిపోటనగా నిదియే. అందుచేతనే మేము ఉద్యోగమును చికిత్సలో నొక భాగముగా నెంచవలెనని చెప్పుచున్నాము. అది దయాధర్మములకు విడిచిపెట్టదగిన విషయము కాదు.

2025 నవంబరు 21 న నాలుగు కార్మికస్మృతులు అమలులోనికి వచ్చినవి. నలువదేండ్లు నిండిన కార్మికులకు ఏటేట ఉచితముగ వైద్యపరీక్ష జరుపవలెనను నియమము అందు గలదు. సంతోషింపదగిన సంగతి. కాని పరీక్షలో రోగము బయటపడినచో, ఇ. ఎస్. ఐ. పరిధికి వెలుపలనున్నవాని కొలువు ఏమగును? వ్యాధిని కనిపెట్టు చట్టము వ్యాధిగ్రస్తుని కాపాడు చట్టముగా గూడ మారవలదా?

న్యాయస్థానములు దారి చూపకపోలేదు. 2021 ఫిబ్రవరిలో, వ్రాతకు చేయి సహకరింపని యొక సివిల్ సర్వీసు అభ్యర్థి వ్యాజ్యమున, 40 శాతము వైకల్యమను గీత దాటనంత మాత్రమున తగిన సౌకర్యమును నిరాకరింపరాదని సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. వర్ణాంధత్వమను కారణముపై 2016 లో పంపివేయబడిన యొక ఆర్టీసీ డ్రైవరు వ్యాజ్యమున, 2025 ఆగస్టు 1 న అదే న్యాయస్థానము, వేఱొక పని యిచ్చుటకు వీలున్నదో లేదో చూడకయే ఉద్యోగినుండి కొలువు లాగికొనుట చెల్లదని తెలంగాణ ఆర్టీసీని శాసించినది. ఆ డ్రైవరునకు న్యాయము దొరకుటకు తొమ్మిదేండ్లు పట్టినది. ప్రతి గ్రహీతయు తొమ్మిదేండ్లు కోర్టుమెట్లు ఎక్కగలడా? తీర్పులలోని ధర్మము చట్టములోని వాక్యము కావలెను.

ఇతరదేశముల వారు ఏమి చేసిరో చూతము. జర్మనీలో మూత్రపిండము మార్చుకొన్నవానిని మొదటి రెండేండ్లు నూటికి నూరు పాళ్ల వైకల్యము గలవానిగ లెక్కింతురు. తరువాతను 50 పాళ్లకు తగ్గింపరు. ఆ లెక్కవలన ఉద్యోగమునుండి తొలగింపునకు వ్యతిరేకముగ విశేషరక్షణ లభించును. అంతియేకాదు, మొదట దినమునకు రెండు మూడు గంటలు, క్రమముగా నాలుగు, ఆఱు, ఎనిమిది గంటలు, ఈ తీరున వైద్యుని సలహాపై మెట్లు మెట్లుగా పనికి మరలించు పద్ధతి యచ్చట నెలకొనియున్నది. అమెరికా సంగతి మఱింత నేర్పదగినది. అచ్చటి ప్రభుత్వబీమా మూత్రపిండపు మార్పిడికి సొమ్ము చెల్లించి, మూడేండ్ల తరువాత మందులకు సొమ్ము నిలిపివేయుచుండెను. మందు కొనలేనివారి మూత్రపిండములు చెడుట, వారు మఱల డయాలిసిస్ యంత్రమునకు మరలుట, దానికి అంతకు మించిన వ్యయమగుట చూచి, 2020 డిసెంబరులో చట్టము చేసి, వేఱు బీమా లేనివారికి 2023 జనవరి 1 నుండి యావజ్జీవము ఆ మందులకు బీమా కల్పించిరి. పైసలు మిగుల్చబోయి రూపాయలు పోగొట్టుకొంటిమని యంత ధనికదేశము గ్రహించినది. హైటెక్ సిటీలోని పెద్ద కంపెనీలు పెక్కింటికి మూలస్థానము అమెరికాయే. తమ స్వదేశపు ఆఫీసులో వైకల్యము గల యుద్యోగికి తగిన సౌకర్యము చేయుట చట్టరీత్యా వారి విధి. అదే జెండా క్రింద నానక్‌రామ్‌గూడలో పనిచేయు తెలుగువానికి ఆ ధర్మము వర్తింపకుండుట మనకు గౌరవమా?

యజమానుల పక్షమును గూడ మేము వినకపోలేదు. పోటీ తీవ్రమైనదనియు, విదేశములోని క్లయింటు ఒక్కదినము ఆలస్యమునైనను సహింపడనియు, చిన్న కంపెనీకి ఒక్క మనిషి లేకున్నను పని కుంటుపడుననియు వారందురు. ఇందు కొంత నిజము గలదు. చికిత్స పొందిన ప్రతివాడును మునుపటివలె పనిచేయగలడని మేమనము. కొందఱికి కోలుకొనుట ఆలస్యమగును, కొందఱికి వేఱు పని కావలసివచ్చును. కాని లెక్క పూర్తిగా చూడవలెను. సజీవదాతయిచ్చిన మూత్రపిండము పెక్కుమందిలో పది పదునైదేండ్లు, కొందఱిలో అంతకు మించియు పనిచేయును. అనగా ఉద్యోగజీవితములో సగపాలు. పదేండ్లు నేర్పి తీర్చిన యింజనీరును మూడు నెలల సెలవునకై వదలుకొని, క్రొత్తవానిని వెదకి, నేర్పి, నిలుపుకొనుట చవకయని యే గుమాస్తా లెక్కకట్టెను? ప్రసవమునకు 26 వారముల జీతపు సెలవు నియ్యవలెనని 2017 లో చట్టము సవరించినప్పుడును ఇట్టి యాక్షేపణలే వినవచ్చినవి. పరిశ్రమ మునుగలేదు. చిన్న కంపెనీల భారమును ప్రభుత్వబీమా కొంత మోయుట న్యాయమే. దానిని మేమును కోరుచున్నాము.

గ్రహీత వెనుక మఱియొక మూర్తి నిలిచియున్నది. ఆమెను మఱచుట కృతఘ్నత. మన దేశమున మార్పిడులలో అధికభాగము సజీవదాతలవలననే జరుగుచున్నవి; ఆ దాతలలో తల్లులును, భార్యలును, తోబుట్టువులును ఎక్కువ. పొందువారి లెక్క యిందుకు విపరీతము: 1995 నుండి 2021 వరకు దేశమున జరిగిన 36,640 మార్పిడులలో స్త్రీలకు దక్కినవి 6,945 మాత్రమే. ఇచ్చుచో ముందు, పుచ్చుకొనుచో వెనుక — ఇది మన గృహధర్మమునకు మచ్చ. ఆ తల్లి, ఆ భార్య గూడ నేడు ఉద్యోగులు. కేంద్రప్రభుత్వము 2023 ఏప్రిలులో తన యుద్యోగులలో అవయవదాతలకు 42 దినముల ప్రత్యేక సెలవును మంజూరు చేసినది. ప్రైవేటు కంపెనీలో పనిచేయు దాత్రి తన యేడాది సెలవులను ఖర్చుపెట్టుకొని, చాలనిచో జీతము కోలుపోయి, భర్తకు ప్రాణము పోయవలసియున్నది.

అద్దాల మేడలలో ఇంజనీరులు మాత్రమే లేరని గూడ జ్ఞాపకముంచుకొనవలెను. వాకిట కావలియున్నవాడు, గదులూడ్చునామె, రాత్రివేళ ఉద్యోగులను ఇండ్లకు చేర్చు కారు డ్రైవరు — వీరి మూత్రపిండములును రోగమునకు వశములే. వీరికి ఇంటినుండి పనియను మాట లేదు. గుత్తేదారు మాఱినచో కొలువే లేదు. శ్రీకాకుళపు ఉద్దానములో కొబ్బరితోటలలో, జీడితోటలలో కూలి చేయుచు మూత్రపిండవ్యాధికి లోనైనవారిని తెలుగుదేశమంతయు నెఱుగును. వారి కొఱకు పలాసలో పరిశోధనాకేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు 2023 డిసెంబరులో వెలసినవి. చికిత్స చేరువైనది, చికిత్స పిమ్మట చేయదగిన తేలికపని చేరువకావలదా? గ్రామములలో భూమిగల మా పాఠకులు తమ పొలముల కూలీలలో అట్టివారికి నీడపట్టున చేయు పనులు కల్పించుటకు చట్టముకొఱకు ఎదురుచూడ నక్కఱలేదు.

ఇక చేయవలసినదేమి? మొదటిది, అవయవము మార్చుకొన్నవానిని వికలాంగుల హక్కుల చట్టపు పట్టికలో కనీసము చికిత్సానంతరము రెండేండ్లవరకు చేర్చవలెను. 20 వ సెక్షను రక్షణ ప్రైవేటు సంస్థలకును వర్తింపవలెను. రెండవది, వైద్యుడు తగుననిన నాటివరకు, ఆఱు నెలలకు మించకుండ, అతని కొలువును నిలిపియుంచవలెను. మరలివచ్చినవానికి పగటి షిఫ్టును, మెట్లుమెట్లుగా పెరుగు పనిగంటలను, సాధ్యమైనచో ఇంటినుండి పనిని ఇయ్యవలెను. మూడవది, ఉద్యోగము మాఱినను పోయినను బీమా తెగిపోరాదు. యావజ్జీవపు మందులు బీమాలో చేరవలెను. జీతము పరిమితి దాటినవారును చందా కట్టి ఇ. ఎస్. ఐ. దీర్ఘవ్యాధి భృతిలో చేరు వీలు కల్పింపవలెను. నాల్గవది, వైద్యకాగితములు కంపెనీ వైద్యుని యొద్దనే రహస్యముగ నుండవలెను. పై యధికారికి ఏ సౌకర్యము కావలెనో తెలిసిన చాలును, ఏ రోగమో తెలియ నక్కఱలేదు. అయిదవది, దాతకు 42 దినముల సెలవు ప్రైవేటుద్యోగములలోను విధిగా ఉండవలెను. వీనిలో కొన్ని ఢిల్లీ చేయవలసినవి. కాని భూములు, రాయితీలు, ప్రోత్సాహకములు ఇచ్చి కంపెనీలను పిలుచుకొను రాష్ట్రప్రభుత్వము, ఆ యొడంబడికలలో రెండు వాక్యములు చేర్చుటకు ఢిల్లీ యనుమతి కావలెనా?

దానము చేసిన కుటుంబముల కొఱకైనను ఇది జరుగవలెను. ఆత్మీయుని మెదడు మరణించిన ఘడియలో, ఇంకను వెచ్చగానున్న చేయి పట్టుకొని, సరే యని సంతకము చేసిన భార్య ఏమి కోరినది? ఆ గుండె యెక్కడనో కొట్టుకొనుచుండవలెనని మాత్రమే కాదు. ఎవ్వరో ఒకరు ఆ గుండెతో లేచి, నడచి, పనిచేసి, తన బిడ్డలకు అన్నము పెట్టుకొనవలెనని కోరినది. పదుమూడు నిమిషములు దారి విడుచుట హైదరాబాదు నేర్చినది. ఆ గుండెను మోయుచు సైబర్ టవర్సు మెట్లెక్కి వచ్చువానికి నూరు దినములు కుర్చీ విడిచియుంచుట నేర్చుకొనవలసియున్నది.